ఔషధ మొక్కల వేర్లలో ఏముంటుంది? అపోహలు – వాస్తవాలు

అపోహ: వేరు ఎంత లావుంటే అంత మందు.

సర్పగంధ విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. రిసర్పిన్‌తో సహా దాని ఆల్కలాయిడ్లలో (మందు గుణమిచ్చే రసాయనాల్లో) దాదాపు 90 శాతం వేరు బెరడులోనే ఉంటాయి. లావు వేరులో లోపలి కట్టె ఎక్కువ, బెరడు పాలు తక్కువ. పైగా శుభ్రంగా కనపడాలని గట్టిగా తోమితే అసలు సరుకే కడుగునీళ్లలో పోతుంది. పారే నీటి కింద చేత్తో రుద్దితే చాలు. రిసర్పిన్‌కు వెలుతురు పడదు కాబట్టి పొడిని ముదురు రంగు సీసాలోనే ఉంచాలి.

అపోహ: బాగా మరిగిస్తే సారమంతా నీళ్లలోకి దిగుతుంది.

నీళ్లలో కరిగేవే దిగుతాయి. శతావరిలోని నురగనిచ్చే సాపోనిన్లు, మానుపసుపులోని పసుపుపచ్చ రసాయనం బెర్బెరిన్ వేడినీళ్లకు బాగానే వస్తాయి. అశ్వగంధలో మందుగా పనిచేసే విథనోలైడ్లు రావాలంటే నీళ్లలో ఆల్కహాలు కలవాలి. సుగంధిపాలది ఇంకో తీరు: దాని వాసనకు మూలమైన 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ ఆవిరితో లేచిపోతుంది. మూత లేకుండా అరగంట కాస్తే గదంతా ఘుమఘుమ, గిన్నెలో చప్పటి నీళ్లు! వేరును కచ్చాపచ్చాగా దంచి, పొయ్యి మీద నుంచి దించిన నీళ్లు పోసి, పావుగంట మూతపెట్టి ఉంచండి.

అపోహ: ల్యాబ్ రిపోర్టులో విథనోలైడ్ల శాతం ఎక్కువుంటే అది మేలైన అశ్వగంధ వేరు.

కల్తీ దాక్కునేది ఈ అంకె వెనకే. విథనోలైడ్లలో ఒకటైన విథాఫెరిన్-ఎ సాధారణంగా వేరులో కంటే ఆకులో ఎక్కువ. ఆకు చవక కూడా. వేరు పొడిలో కాస్త ఆకు కలిపితే శాతం దానంతటదే పెరుగుతుంది. అందుకే అంకె కంటే ముందు పరీక్ష పద్ధతి చూడాలి. సారాన్ని తూకం వేసి చెప్పే పద్ధతిలో విథనోలైడ్లు కానివి కూడా లెక్కలో కలిసిపోతాయి. అదే పొడికి, పదార్థాలను విడదీసి ఒక్కోదాన్నీ కొలిచే హెచ్‌పీఎల్‌సీలో అంకె తగ్గుతుంది, నమ్మదగింది అదే.

ఆకు కలిసిందో లేదో చూడటానికి, పొడి అయితే మైక్రోస్కోపు చాలు. చిటికెడు పొడిని స్లైడు మీద క్లోరల్ హైడ్రేట్ (కణాలు తేటగా కనపడేలా చేసే ల్యాబ్ ద్రావణం) చుక్కలో వేసి మెల్లగా వేడిచేయండి. అడ్డుగా ఉన్న పిండిరేణువులు కరిగి కణాలు స్పష్టమవుతాయి. పత్రరంధ్రాలు కనిపించాయా, ఆకు కలిసినట్టే; వేరుకు అవి ఉండవు. ఎక్స్‌ట్రాక్ట్‌లో (వేరు నుంచి తీసిన సారంలో) కణాలే మిగలవు కాబట్టి ఈ కిటుకు అక్కడ పనికిరాదు. అక్కడ ఆకుల్లో ఉండే రసాయనాలైన కెంప్‌ఫెరాల్ గ్లైకోసైడ్ల కోసం వెతకాలి.

అపోహ: వేరే కదా, ఎంత వాడినా ఏం కాదు.

అతిమధురంలోని గ్లిసిరైజిన్, మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. నిర్వీర్యం కాని కార్టిసాల్ వల్ల ఒంట్లో సోడియం నిలుస్తుంది, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది. యూరప్‌లో ఆహార నిపుణులు సూచించిన గ్లిసిరైజిన్ గరిష్ఠ పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు. గ్లిసిరైజిన్ 4 శాతం ఉన్న వేరు రెండున్నర గ్రాములు తింటే ఆ పరిమితి చేరినట్టే. బీపీ ఉన్నవాళ్లు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు గానీ డిగాక్సిన్ (గుండె మందు) గానీ వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇక నాభి, అంటే వత్సనాభి అనే విషపు వేరు. ఉడికిస్తే దానిలోని విషపదార్థం ఎకొనిటైన్ విరిగి విషం తగ్గే మాట నిజమే. ఎంతసేపటికి ఎంత తగ్గిందో ఇంట్లో తేల్చే దారి లేదు, ముక్క లోపలి భాగం సరిగా ఉడకకపోతే విషం అలాగే ఉంటుంది. దీన్ని తిన్నాక నాలుక, పెదవులు తిమ్మిరెక్కాయంటే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. తర్వాత తప్పేది గుండె లయ.