ఎన్‌బీఏ డ్రాఫ్ట్: టీవీ ముందు పుట్టే అపోహలు, తెర వెనుక వాస్తవాలు

ఏటా జూన్ నెలాఖరులో ఒక రోజు, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోకి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్ చూడటానికి, తెల్లవారుజామున ఐదున్నరకు హైదరాబాద్‌లో, విజయవాడలో కొందరు అలారం పెట్టుకుని మరీ లేస్తారు. అదే సమయానికి డాలస్ శివార్లలోని ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో మనవాళ్లు సాయంత్రం ఏడింటికి టీవీ ముందు చేరతారు. ఆ తర్వాత వారం రోజులు వాట్సాప్ గ్రూపుల్లో వాదనలే వాదనలు. ఎంపికలో మొదటి వంతులు ఎవరివో తేల్చే లాటరీ మోసమని ఒకరు, ఫలానా ఎంపిక దండగని ఇంకొకరు, వ్యాఖ్యాతలకు ఏమీ తెలియదని మరొకరు.

నేను క్రీడల ప్రత్యక్ష ప్రసారాల్లో గ్రాఫిక్స్ విభాగంలో పనిచేస్తాను. అమెరికా డ్రాఫ్ట్ ప్రసారంలో నా చేయి లేదు. ఇక్కడి లీగ్ మ్యాచ్‌లు, వేలంపాటలు చేశాను. కానీ పీసీఆర్, అంటే ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్, ఎక్కడైనా పీసీఆరే. తెర మీద ఒక పేరు పడాలంటే వెనుక ఏం జరగాలో తెలిసినవాడిగా నాకు అనిపించేది ఒకటే: ఈ గొడవల్లో సగానికి పైగా, టీవీలో ప్రకటించిన క్షణమే నిర్ణయం జరిగిన క్షణం అనుకోవడం వల్ల వస్తున్నవే.

అపోహ: డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిదే. డబ్బున్న జట్టు మంచి ఆటగాణ్ని తన్నుకుపోతుంది.

డ్రాఫ్ట్‌లో ఎవరూ పాట పాడరు. లీగ్‌లోకి కొత్తగా వస్తున్న ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. గత సీజన్‌లో బాగా ఓడిన జట్లకు ముందు వంతులు దక్కేలా ఏర్పాటు ఉంటుంది. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడి జీతానికి లీగ్ పట్టిక ఉంది. అందులోని మొత్తానికి 80 నుంచి 120 శాతం మధ్యలోనే ఒప్పందం కుదరాలి. తొలి రెండేళ్ల జీతానికి పూర్తి హామీ ఉంటుంది, మూడో ఏడు, నాలుగో ఏడు కొనసాగించాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఆ రాత్రి ఇష్టమొచ్చినంత డబ్బు పోసి వంతులు కొనలేడు. వంతు కావాలంటే ఆటగాళ్లనో, భవిష్యత్తు వంతులనో, లీగ్ పెట్టిన పరిమితి లోపల నగదునో ఇచ్చి మార్పిడి చేసుకోవాలి.

అపోహ: లాటరీ ముందే రాసిపెట్టిన నాటకం.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2025 తర్వాత ఈ మాట అనని వాళ్లు కనబడటం లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో డాలస్ మావెరిక్స్ జట్టు తన అగ్రశ్రేణి ఆటగాడు లూకా డాన్సిచ్‌ను లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేసింది. అభిమానులు భగ్గుమన్నారు. మే 12న లాటరీ తీస్తే, 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న అదే డాలస్‌కు మొదటి వంతు వచ్చింది. ఆ ఏడాది అందరూ కోరుకున్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్ వాళ్లవాడయ్యాడు. ఇది కాకతాళీయమంటే ఎవరు నమ్ముతారని అడుగుతున్నారు.

అసలు లాటరీ ఎలా తీస్తారో చూడండి. ప్లేఆఫ్స్‌కు చేరని జట్లు 14. యంత్రంలో 1 నుంచి 14 వరకు అంకెలున్న పింగ్‌పాంగ్ బంతులు వేస్తారు. గాలి ఊది 20 సెకన్లు కలిపాక మొదటి బంతి తీస్తారు. ఆ తర్వాత పది సెకన్లకొకటి చొప్పున మరో మూడు. సమయం చూసే వ్యక్తి యంత్రం వైపు వీపు పెట్టి నిలబడతాడు, గడువు కాగానే చెయ్యి ఎత్తుతాడు. 14 బంతుల్లోంచి నాలుగింటిని 1001 రకాలుగా తీయవచ్చు. అందులో వెయ్యి కలయికలను జట్లకు ముందే పంచుతారు. మిగిలిన ఒక్కటి వస్తే మళ్లీ తీస్తారు. 2019లో మార్చిన నిబంధన ప్రకారం అట్టడుగు మూడు జట్లకు తలా 140 కలయికలు. డాలస్ చేతిలో 18 ఉన్నాయి. సమానంగా 39 విజయాలే ఉన్న షికాగోకు 17. ఇలా మొదటి నాలుగు వంతులు మాత్రమే బంతులతో తేలతాయి, మిగతావి ఓటముల లెక్కన.

ఇదంతా టీవీ కార్యక్రమం మొదలుకాకముందే వేరే గదిలో జరిగిపోతుంది. జట్ల ప్రతినిధులు, విలేకరులు, లెక్కల సంస్థ వాళ్లు సాక్షులు. ఫోన్లు బయటే ఇచ్చేయాలి, ప్రసారం అయ్యేదాకా ఎవరూ బయటికి రాకూడదు. టీవీలో మీరు చూసేది కవర్లు తెరవడం మాత్రమే. వేదిక మీద కూర్చున్న జట్టు ప్రతినిధికి కూడా అప్పటిదాకా ఫలితం తెలియదు.

ఇక శాతాల సంగతి. జాబితాలో చివరన ఉండే నాలుగు జట్ల అవకాశాలు కూడితే దాదాపు 5 శాతం. అంటే సగటున ఇరవై ఏళ్లకోసారి వాటిలో ఒకటి గెలవాలి. ఒక్కసారీ గెలవకపోతేనే అనుమానించాలి. 1993లో ఓర్లాండోకు ఉన్న అవకాశం 66లో ఒకటి, గెలిచింది. 2008లో షికాగో 1.7 శాతంతో గెలిచి డెరిక్ రోజ్‌ను తీసుకుంది. 2014లో క్లీవ్‌ల్యాండ్‌కూ అంతే. ప్రతిసారీ దాని వెనుక ఒక కథ వెతికి పెట్టడం మనకు అలవాటు. చిన్న నగరం గెలిస్తే ఆ కథ నిలబడదు కాబట్టి మరిచిపోతాం.

బంతులు తీయడాన్నే ప్రత్యక్షంగా చూపిస్తే సరిపోతుంది కదా అంటారు. చూపించాలనే నేనూ అంటాను. కానీ దానితో అనుమానాలు చచ్చిపోతాయనుకోవద్దు. 1985లో తొలి లాటరీని టీవీలో ప్రత్యక్షంగానే తీశారు. అప్పట్లో ఏడు జట్లు, ఏడు కవర్లు, ఒక పారదర్శకమైన డ్రమ్ము. కమిషనర్ డేవిడ్ స్టెర్న్ తీసిన కవరు న్యూయార్క్‌ది, దాంతో పాట్రిక్ యూయింగ్ అక్కడికి వెళ్లాడు. చేత్తో తడిమి గుర్తుపట్టేలా ఆ కవరు మూల మడతపడి ఉందని, ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని నలభై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నారు. లాటరీ చరిత్రలో అందరికంటే ఎక్కువ అనుమానం మూటగట్టుకున్నది అందరూ కళ్లారా చూసినదే.

అపోహ: ఐదు నిమిషాల గడియారం తిరుగుతున్నంతసేపూ జట్టు తర్జనభర్జన పడుతుంది.

కొన్నిసార్లు నిజమే, ముఖ్యంగా మార్పిడి బేరం నడుస్తున్నప్పుడు. చాలాసార్లు పేరు ముందే ఖరారై ఉంటుంది. ఆ ఐదు నిమిషాలు ప్రసారానికి ప్రాణవాయువు. ముందు ఎంపికైనవాడు వేదిక ఎక్కాలి, కమిషనర్‌తో ఫొటో దిగాలి, ఇంటర్వ్యూ ఇవ్వాలి, అతని ఆట క్లిప్పులు పడాలి, ప్యానెల్ మాట్లాడాలి, ఒక బ్రేక్ వెళ్లాలి.

మరి ఫోన్‌లో పేరు ముందే ఎలా వస్తుంది? జట్టు గదిలోంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి విలేకరికి. 2024లో ఆ వృత్తి నుంచి తప్పుకునేదాకా ఏడ్రియన్ వోజ్నరోవ్‌స్కీ అనే విలేకరి ఇందులో దిట్ట. వేదిక మీద పేరు చదివేలోపు ఆయన ట్వీట్ పడిపోయేది. ఆయన 2017లో ఈఎస్‌పీఎన్‌లో చేరాక ఆ చానల్‌కు చిక్కొచ్చి పడింది, ప్రసార హక్కులు తమవి, గుట్టు విప్పేదీ తమ మనిషే. 2018లో ఎంపికలు ముందుగా బయటపెట్టకూడదన్నారు. ఆయన ఫలానా జట్టు ఫలానావాణ్ని వదులుకోలేకపోవచ్చు అనే ధోరణిలో డొంకతిరుగుడుగా రాస్తూ పోయాడు. అభిమానులకు అది ప్రత్యేక వినోదమైంది.

నా మట్టుకు నేను ప్రసారంలో పనిచేసేవాళ్లు నోరు మూసుకోవాలనే అంటాను. వార్త రెండు నిమిషాలు ముందు తెలిస్తే ప్రేక్షకుడికి ఒరిగేది లేదు. తల్లి పక్కన కూర్చుని తన పేరు వినబోతున్న పందొమ్మిదేళ్ల కుర్రాడికి మాత్రం ఆ క్షణం మళ్లీ రాదు.

అపోహ: వేదిక ముందు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లంతా మొదటి రౌండ్‌లో ఖాయం.

జట్లను వాకబు చేసి, త్వరగా ఎంపికవుతారనిపించినవాళ్లను లీగ్ కుటుంబాలతో సహా పిలుస్తుంది. అది అంచనా మాత్రమే. 1998లో వాంకూవర్‌లో రషార్డ్ లూయిస్‌కు జరిగింది చూడండి. హ్యూస్టన్ ప్రాంతంలో స్కూల్ చదువు ముగించి నేరుగా వచ్చిన కుర్రాడు. హ్యూస్టన్ జట్టుకే మొదటి రౌండ్‌లో మూడు వంతులున్నాయి. మూడింటిలోనూ అతన్ని తీసుకోలేదు. ఒక్కొక్క బల్లా ఖాళీ అవుతుంటే అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు, కెమెరాలు ఆ కన్నీళ్లను వదల్లేదు. 32వ ఎంపికగా సియాటిల్ తీసుకుంది. తర్వాత రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు, ఓర్లాండోతో 11 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, 2013లో మయామీతో టైటిల్ గెలిచాడు.

చివరికి మంచే జరిగింది కదా అని ఆ దృశ్యాన్ని సమర్థించలేను. ఏ కెమెరాను ఆన్ ఎయిర్‌కు తీసుకోవాలన్నది పీసీఆర్‌లో ఒక మనిషి తీసుకునే నిర్ణయం. వెయిట్ చేస్తున్న కుర్రాడి ముఖం మీదికి క్లోజప్ వెళ్లడం దానంతటదే జరగదు. ఒక్కసారి చూపితే అది వార్త. పది నిమిషాలకోసారి చూపితే క్రూరత్వం.

అపోహ: మాక్ డ్రాఫ్ట్‌లో, అంటే విశ్లేషకులు ముందే వేసే అంచనా జాబితాలో, పదో స్థానంలో ఉన్నవాణ్ని నాలుగో వంతులో తీసుకుంటే జట్టు మోసపోయినట్టే.

మాక్ డ్రాఫ్ట్ చెప్పేది ఎవరు గొప్ప అని కాదు, ఏ జట్టు ఎవరిని తీసుకోవచ్చని. జట్టు వైద్యుల నివేదికలు, విడిగా పెట్టిన ప్రాక్టీసు పరీక్షలు, ముఖాముఖి మాటలు బయటివాళ్లకు పూర్తిగా అందవు. అయినా ఆ జాబితానే కొలబద్దగా పెట్టుకుని, ఒకడు జాబితాకంటే కిందికి జారితే జట్టుకు వరమని, పైకి వెళ్తే దండగని ప్యానెల్ అక్కడికక్కడే మార్కులు వేసేస్తుంది.

మా విభాగం కోణంలోంచి కూడా ఒక మాట. ప్రతి ఆటగాడికీ ముందే ఒక కార్డు తయారుచేసుకోవాలి: పేరు, పలికే తీరు, ఎత్తు, ఊరు, గణాంకాలు, ఓ నాలుగు క్లిప్పులు. అమెరికా కాలేజీ కుర్రాడి క్లిప్పులు కుప్పలుగా దొరుకుతాయి. యూరప్‌లో చిన్న లీగ్‌లో ఆడేవాడివి దొరకవు. క్లిప్పులు తక్కువైతే మాటలూ తక్కువవుతాయి, మాటలు తక్కువైతే చూసేవాడికి వీడెవడో అనామకుడు అనిపిస్తాడు. 2015లో న్యూయార్క్ నిక్స్ నాలుగో ఎంపికగా లాట్వియాకు చెందిన క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను తీసుకుంటే హాలులో అభిమానులు హేళనగా అరిచారు, ఒక పిల్లవాడు ఏడుస్తూ కెమెరాకు చిక్కాడు. పోర్జింగిస్ 2018లో ఆల్‌స్టార్, 2024లో బోస్టన్‌తో చాంపియన్.

అన్నిటికీ మించినది నికోలా యోకిచ్ సంగతి. 2014లో డెన్వర్ అతన్ని 41వ ఎంపికగా తీసుకున్నప్పుడు టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. పేరు తెర అడుగున స్క్రోల్‌లో వచ్చి వెళ్లిపోయింది. అతను సెర్బియాలో నిద్రపోతున్నాడు. ఆ కుర్రాడే 2021, 2022, 2024లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2023లో డెన్వర్‌కు తొలి టైటిల్ తెచ్చాడు. చానల్‌ను తప్పుపట్టలేం. రెండో రౌండ్‌లో అప్పట్లో వంతుకు రెండే నిమిషాలు, బ్రేక్‌లు ఎక్కడో ఒకచోట పడాలి. కానీ ప్రసారంలో దక్కిన సమయాన్ని బట్టి ఆటగాడి విలువ కట్టేవాళ్లు ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

అపోహ: ఎంపికైనవాడు వేదిక మీద ఏ జట్టు టోపీ పెట్టుకుంటే ఆ జట్టుకే ఆడతాడు.

మార్పిడికి లీగ్ ఆమోదముద్ర పడేదాకా వంతు ఎవరిదైతే టోపీ వారిదే. 2018లో డాన్సిచ్‌ను ఎంపిక చేసింది అట్లాంటా, 1996లో కోబీ బ్రయంట్‌ను ఎంపిక చేసింది షార్లట్. ఇద్దరూ ఆ జట్లకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అపోహ: 1984లో జోర్డాన్‌ను వదిలేసిన పోర్ట్‌ల్యాండ్‌కు బాస్కెట్‌బాల్ తెలియదు.

జోర్డాన్ ఆడే స్థానంలో ఆడగల క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను ఏడాది ముందే తెచ్చుకున్నారు, కావలసింది పొడగరి. అందుకే శామ్ బౌవీ. అతను కాలి ఎముక గాయంతో కాలేజీలో రెండు సీజన్లు పోగొట్టుకున్నవాడు, అక్కడ విమర్శించాల్సింది ఆ సాహసాన్ని. అదే రోజు మొదటి వంతున్న హ్యూస్టన్ కూడా జోర్డాన్‌ను కాదని హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకుంది, 1994, 1995లలో టైటిళ్లు గెలిచింది. వాళ్లను ఎవరూ ఏమీ అనరు.

అపోహ: రెండో రౌండ్ వృథా. ఎంపిక కాలేదంటే కథ ముగిసినట్టే.

రెండో రౌండ్‌లో మొదటి రౌండ్‌కు ఉన్న జీతం హామీ లేదు, అది నిజం. అయితే ఆ రౌండ్ చివర్లో ఎంపికవడం కంటే అసలు ఎంపిక కాకపోవడమే మేలని కొందరు ఏజెంట్లు లెక్కవేస్తారు. ఎంపిక కానివాడు ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చు, తన స్థానంలో ఖాళీ ఎక్కడుందో చూసుకుని వెళ్లవచ్చు. బెన్ వాలెస్‌ను ఎవరూ ఎంపిక చేయలేదు. 2004లో డెట్రాయిట్‌తో టైటిల్ గెలిచి, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మనూ జినోబిలి 57వ ఎంపిక. 2024 నుంచి రెండో రౌండ్‌ను మరుసటి రోజుకు మార్చి, వంతుకు నాలుగు నిమిషాలు ఇచ్చారు. రెండో రోజు చూసేవాళ్లు తగ్గుతారని విసుక్కున్నవాళ్లున్నారు. నాకు ఇది చాలా నచ్చిన మార్పు.

మన దేశపు అభిమానుల్లో నాకు తరచూ కనిపించే పొరపాటు కూడా ఈ రౌండ్‌కు సంబంధించినదే. పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్‌ను 2015లో డాలస్ 52వ ఎంపికగా తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. దాంతో ఎన్‌బీఏలో ఆడిన తొలి భారతీయుడు అతనేనని రాసేస్తుంటారు. సత్నామ్ డాలస్‌కు అనుబంధమైన టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడాడు గానీ ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. భారతీయ మూలాలతో ఎన్‌బీఏ కోర్టులోకి దిగిన తొలి ఆటగాడు టొరంటోలో పంజాబీ దంపతులకు పుట్టిన సిమ్ భుల్లర్, 2015 ఏప్రిల్‌లో, శాక్రమెంటో తరఫున. సత్నామ్ ఎంపికకు అప్పటికి ఇంకా రెండు నెలలుంది. భుల్లర్‌ను మాత్రం అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో 60 వంతుల్లో ఎవరూ తీసుకోలేదు.