కో-పైలట్ అంటే అసిస్టెంట్ కాదు: టేకాఫ్ చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

పోయిన నెల నాగోల్ నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అబ్బాయికి కమర్షియల్ లైసెన్స్ వచ్చింది, ఎయిర్‌లైన్‌లో చేరబోతున్నాడు. స్వీట్ బాక్స్ నా చేతికిస్తూ తండ్రి గర్వంగా అన్నారు: "మావాడు చాలా బుద్ధిమంతుడు సార్. పెద్దవాళ్లకు ఎదురు చెప్పి ఎరగడు. కెప్టెన్ గారు ఏం చెప్తే అది చేస్తాడు."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. మన ఇళ్లలో పిల్లల గురించి ఇంతకంటే పెద్ద మెప్పు ఉండదు. కానీ ఆ మాట వినగానే నాకు దిగులు పట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా విమానాలు నడుపుతున్నాను, అందులో సగం కాలం కుడి సీటులోనే, అంటే కో-పైలట్‌గానే కూర్చున్నాను. మా పని గురించి నేను విన్న అపోహలన్నిటిలోకీ ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే: కెప్టెన్ విమానం నడుపుతాడు, పక్కనున్న కో-పైలట్ అడిగింది అందిస్తూ పని నేర్చుకుంటాడు, లారీ మీద క్లీనర్‌లాగా.

వాస్తవం వేరు. ఆ విమానం నడపడానికి కావలసిన రేటింగ్ ఇద్దరికీ ఉంటుంది. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్ష ఇద్దరికీ పెడతారు. ప్రతి ప్రయాణంలో ఒకరు పైలట్ ఫ్లయింగ్, అంటే నడిపేవారు; ఇంకొకరు పైలట్ మానిటరింగ్, అంటే గమనించేవారు. శంషాబాద్ నుంచి ఢిల్లీకి నేను నడిపితే, తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్ నడుపుతారు. ఆఖరి బాధ్యత, ఆఖరి నిర్ణయం కెప్టెన్‌దే, అందులో సందేహం లేదు. కానీ బాధ్యత ఒకరిదైతే చూసే కళ్లు కూడా ఒకరివే ఉండాలని కాదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నదిలో దిగిన విమానం సంగతి అందరికీ తెలుసు, కెప్టెన్ సల్లెన్‌బర్గర్ పేరూ తెలుసు. ఆ రోజు టేకాఫ్ చేసింది ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్ అని ఎంతమందికి తెలుసు? పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయాక కెప్టెన్ కంట్రోల్ తీసుకున్నారు, స్కైల్స్ ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసే చెక్‌లిస్ట్ పట్టుకున్నారు. విమానంలో ఉన్న 155 మందీ బతికారు.

పైలట్ మానిటరింగ్‌ను పూర్వం 'పైలట్ నాట్ ఫ్లయింగ్' అనేవారు, అంటే నడపనివాడు. ఆ పేరు మార్చింది ఊరికే కాదు, గమనించడం కూడా పనే అని గుర్తుండాలని. టేకాఫ్‌లో చూడండి. నడిపేవాళ్ల చూపు బయట, రన్‌వే మధ్య గీత మీద ఉంటుంది. రెండోవాళ్ల చూపు లోపల, ఇంజిన్ అంకెల మీద, వేగం మీద ఉంటుంది. ఎయిర్‌బస్‌లో వంద నాట్లు, అంటే గంటకు 185 కిలోమీటర్లు దాటగానే "హండ్రెడ్" అని పిలవాలి, నడిపేవాళ్లు జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే పక్క సీటులో మనిషి స్పృహలో ఉన్నారా లేదా అని అనుమానించాలి. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే కంట్రోల్ తీసుకోవాలి. ఇక్కడ మొహమాటానికి చోటు లేదు.

మొహమాటం ఏం చేస్తుందో రెండు ప్రమాదాలు చెబుతాను.

1977 మార్చి 27, స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవి. పక్క దీవిలోని ఎయిర్‌పోర్టులో బాంబు పేలడంతో విమానాలన్నీ ఈ చిన్న ఎయిర్‌పోర్టుకు మళ్లాయి. ఇసుక వేస్తే రాలనంత రద్దీ, పైగా పొగమంచు. నెదర్లాండ్స్ సంస్థ కేఎల్ఎం వాళ్ల బోయింగ్ 747 రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. అదే రన్‌వే మీద ఎదురుగా అమెరికా సంస్థ పానామ్ వాళ్ల 747 ఇంకా ఉంది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లతో పాటు ఉండి ఇంజిన్లు చూసుకునే ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది. పానామ్ ఇంకా పక్కకు తప్పుకోలేదా అని అడిగాడు కూడా. తప్పుకుంది అని కెప్టెన్ గట్టిగా చెప్పారు. ఆ కెప్టెన్ సామాన్యుడు కాదు, సంస్థలో మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద. ఆయన అంత గట్టిగా చెప్పాక ఇంకెవరూ నోరెత్తలేదు. 583 మంది పోయారు. అడిగిన ప్రశ్న సరైనదే. రెండోసారి అడగలేదు, "ఆపండి" అనలేదు. నా మనసు ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది.

ఆ తర్వాతే, అనుమతి వచ్చిందని ఎవరూ పొరబడకుండా, మా భాష మారింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్ 'టేకాఫ్' అనే మాటను టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చింది రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడుతుంది. మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అంటారు. రెండేళ్లకు నాసా పెట్టిన సదస్సు నుంచి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ పుట్టింది, సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో, కలిసి ఎలా పని చేయాలో నేర్పేది. ఈ రోజు పైలట్లు, క్యాబిన్ సిబ్బంది అందరూ అది చదవాల్సిందే.

రెండోది 1999 డిసెంబర్ 22, లండన్ దగ్గర స్టాన్‌స్టెడ్. కొరియన్ ఎయిర్ కార్గో 747 చీకట్లో టేకాఫ్ అయింది. విమానం ఎంత వాలుతోందో చూపించే పరికరం కెప్టెన్ వైపు చెడిపోయింది, కో-పైలట్ వైపు బాగానే ఉంది. కెప్టెన్ విమానాన్ని పక్కకు వాల్చుకుంటూ పోయారు. హెచ్చరిక మోగుతోంది. ఫ్లైట్ ఇంజనీర్ "బ్యాంక్, బ్యాంక్" అన్నాడు, అంటే విమానం పక్కకు వాలుతోందని. సరైన పరికరం ఎదురుగా పెట్టుకుని కూడా కో-పైలట్ ఒక్క మాట మాట్లాడలేదు. గాల్లోకి లేచి నిమిషం తిరక్కుండానే కూలిపోయింది, నలుగురూ చనిపోయారు. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు, చేతకానివాడూ కాదు. పెద్దాయన ముందు మాట్లాడకూడదని పెరిగినవాడై ఉంటాడు. మన ఇళ్లలో మనం పెంచుతున్నట్టే.

నా సంగతే చెబుతాను. ఫస్ట్ ఆఫీసర్‌గా చేరి రెండేళ్లయి ఉంటుంది. బాగా రద్దీగా ఉండే ఒక ఎయిర్‌పోర్టులో రాత్రి వేళ మా ముందూ వెనకా వరసగా విమానాలు. మా ఫ్లైట్ నంబర్‌కూ మా వెనక ఉన్నదానికీ ఒక్క అంకె తేడా. టవర్ ఎవరికో లైనప్, అంటే రన్‌వే మీదికి వచ్చి నిలబడే అనుమతి ఇచ్చింది. కెప్టెన్ అది మాకే అనుకుని బ్రేకులు వదిలారు. నాకు అనుమానం వచ్చింది. ఆయనకు నా వయసంత అనుభవం. నోరు పెగలడానికి మూడు సెకన్లు పట్టింది. చివరికి "సర్, అది మనకు కాదేమో అనుకుంటున్నాను" అన్నాను. ఆయన వెంటనే ఆపి టవర్‌ను అడిగారు. మాకు కాదు. మేం ఆగిన కాసేపటికి ఆ రన్‌వే మీద ఒక విమానం దిగింది.

గమ్యం చేరాక బస్సులో ఆయన నా పక్కన కూర్చుని ఒకటే అడిగారు: "అనుకుంటున్నాను అని ఎందుకన్నావు? స్టాప్ అంటే సరిపోయేది కదా." కోపంగా అడగలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ పాఠమే. ఇవాళ నా పక్కన ఎవరు కూర్చున్నా బ్రీఫింగ్‌లో మొదటి మాట అదే చెబుతాను: నేను తప్పు చేస్తే 'సర్' పక్కన పెట్టి, 'స్టాప్' అనండి. తర్వాత మీదే తప్పని తేలినా నేను ఏమీ అనుకోను. అలా ఉత్తపుణ్యానికి ఆపినవాళ్లూ ఉన్నారు, ఒక నిమిషం పోయింది, అంతే.

ఇదంతా ఆ నాగోల్ అబ్బాయికి చెప్పి, మా హాల్లోనే నిలబెట్టి "స్టాప్" అనమన్నాను. మొదటిసారి గొంతు లోపలే ఉండిపోయింది, తండ్రి వైపు చూశాడు. రెండోసారి కాస్త పైకి వచ్చింది. అప్పుడు తండ్రే అందుకున్నారు: "గట్టిగా అనరా, సార్ చెబుతున్నారు కదా." మూడోసారి వంటింట్లోంచి మా ఆవిడ ఏమైందని బయటికి వచ్చింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

టేకాఫ్ ఆటోపైలట్ చేస్తుందనేది అపోహ. మామూలు సర్వీసుల్లో మనుషులే చేస్తారు, పైకి లేచాకే ఆటోపైలట్ పెడతారు.

టేకాఫ్ మధ్యలో ఆపితే పైలట్ తప్పు చేసినట్టేనా? కాదు. ఏదో సరిగా లేదని ఇద్దరిలో ఒకరు గమనించారు, ఆపే టైమ్ ఉండగానే ఆపారు. సీటులోంచి తీసిన వీడియోకు "చావు అంచుల నుంచి" అని పేరు పెట్టి పంపేవాళ్లను చూస్తే నాకు ఓపిక పోతుంది. దాన్ని చూసి ఎన్ని ఇళ్లలో పెద్దవాళ్లు టికెట్ రద్దు చేసుకుంటారో వాళ్లకు తెలియదు.

శంషాబాద్ మెయిన్ రన్‌వే 4,260 మీటర్లు ఉంది కదా, ఎప్పుడైనా ఆపొచ్చు కదా అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. ఆపకూడదు. బరువు, గాలి, ఎండ, రన్‌వే పొడవు బట్టి ప్రతిసారీ వీ-వన్ అనే వేగం లెక్క కడతాం. అది దాటే వరకు నడిపేది ఎవరైనా కెప్టెన్ చేయి ఇంజిన్ పవర్ పెంచే, తగ్గించే థ్రస్ట్ లివర్ల మీద ఉంటుంది, ఆపాలంటే వెంటనే వెనక్కి లాగడానికి. వీ-వన్ పిలుపు వినగానే చేయి తీసేస్తారు. ఆ తర్వాత ఇంజిన్ పోయినా ఎగరడమే. ఒక ఇంజిన్ లేకపోయినా పైకి వెళ్లగలదని నిరూపించాకే విమానానికి సర్టిఫికెట్ ఇస్తారు. సిమ్యులేటర్‌లో మాతో పదే పదే చేయించేది అదే.

ఇక అన్నిటికంటే ఎక్కువమందిని భయపెట్టేది, టేకాఫ్ అయిన కాసేపటికి ఇంజిన్ శబ్దం ఉన్నట్టుండి తగ్గడం. 2025 జూన్ 12న అహ్మదాబాద్ ప్రమాదం జరిగాక మా బంధువుల్లో సగం మంది ఫోన్ చేసి ఇదే అడిగారు. ఆ ప్రమాదం గురించి వాట్సాప్‌లో వచ్చే కథలు నమ్మకండి, పంపకండి. భయపడేవాళ్లను మాత్రం నేను తప్పు పట్టను. శబ్దం ఎందుకు తగ్గుతుందంటే, సాధారణంగా వెయ్యి, పదిహేను వందల అడుగుల ఎత్తుకు చేరాక టేకాఫ్ పవర్ నుంచి క్లైంబ్ పవర్‌కు మేమే తగ్గిస్తాం. ముక్కు కొంచెం కిందికి దిగుతుంది, వేగం పెరుగుతుంది. కడుపులో తేలినట్టు అనిపించేది అందుకే.

ఉప్పల్‌లో ఉండే మా పెద్దమ్మకు ఇది వివరంగా చెప్పాను. మొన్న వైజాగ్ వెళ్లి దిగగానే ఫోన్ చేసింది. "తగ్గిందిరా, నువ్వు చెప్పినట్టే తగ్గింది. పక్కసీటు పిల్ల భయపడుతుంటే నేనే చెప్పాను" అంది.