నాణేలు, టంకశాల అధికారులు: అపోహలు – వాస్తవాలు

పాత నాణేలు సేకరిస్తూ, వాటిని చదవడం కొత్తవాళ్లకు నేర్పుతూ ఉంటాను. తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: టంకశాల (నాణేలు తయారుచేసే చోటు) అధికారి అంటే డబ్బు లెక్క చూసుకునే ఉద్యోగి.

వాస్తవం: జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆంగ్లేయ అధికారి సంగతి తెలిస్తే ఈ మాట అనలేరు. 1819లో కలకత్తా టంకశాలకు వచ్చేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. కాశీలో, తర్వాత కలకత్తాలో అస్సే మాస్టర్‌గా పనిచేశాడు. అంటే లోహం వన్నె తేల్చే అధికారి. వెండిలోంచి చిన్న ముక్క తీసి, తూచి, కొలిమిలో కల్తీని వేరుచేసి, మిగిలినదాన్ని మళ్లీ తూచడం ఆ పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోరు.

అదే ఓపికతో ఆయన పాత లిపుల మీద కూర్చున్నాడు. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజుల నాణేలకు ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి లిపి ఉంటాయి. గ్రీకులో ఉన్న రాజు పేరు పట్టుకుని ఖరోష్ఠి అక్షరాలు ఒక్కొక్కటే తేల్చాడు. సాంచి స్తూపం దగ్గరి చిన్న చిన్న శాసనాలు చాలావరకు ఒకే అక్షరాలతో ముగియడం గమనించి, ఇవి దాతల పేర్లు, చివరిది ‘దానం’ అని పట్టేశాడు. అలా 1837లో బ్రాహ్మీ లిపి చిక్కుముడి వీడింది, అశోకుడి శాసనాలు చదవగలిగాం. ఇదంతా ఒక్కడే చేశాడనడమూ సరికాదు. అంతకుముందే లాసెన్ అనే పండితుడు ఒక గ్రీకు రాజు నాణెం మీది బ్రాహ్మీ పేరు చదివాడు. శాసనాలకు అర్థం చెప్పడంలో కమలాకాంత విద్యాలంకార్ అనే పండితుడి సాయం ఉంది. ఈ రోజు కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణెం మీద రాజు పేరు చదువుతున్నామంటే వీళ్లందరి కష్టమే కారణం. ప్రిన్సెప్ మాత్రం 1840లో, నలభై ఏళ్లకే కన్నుమూశాడు.

ఇంకో సంగతి. ఈస్ట్ ఇండియా కంపెనీ పాలనలో ఊరికో రకం రూపాయి చెల్లుతుంటే, అంతటా ఒకే రూపాయి కావాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకడు. 1835లో వచ్చిన ఆ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే దాదాపు 11.66 గ్రాములు. మన పెద్దవాళ్లు చెప్పే పాత తులం అదే.

అపోహ: నాణెం అంచున గీతలు పెట్టింది న్యూటన్.

వాస్తవం: 1696లో న్యూటన్ లండన్ టంకశాలకు వచ్చేసరికే, 1660ల నుంచి యంత్రంతో అంచు గీతలు వేస్తున్నారు. ఆయన చేసిన పని వేరు. అంచులు కత్తిరించి అరగదీసిన పాత నాణేలను కరిగించి కొత్తవి వేయించాడు. దొంగ నాణేల ముఠాల మీద స్వయంగా సాక్ష్యాలు సేకరించాడు. వాళ్లలో పేరుమోసిన విలియం చాలోనర్‌ను 1699లో ఉరితీశారు.

అపోహ: రాముడి బొమ్మతో 1818 నాటి ఈస్ట్ ఇండియా కంపెనీ నాణెం కోట్లు పలుకుతుంది.

వాస్తవం: కంపెనీ అలాంటి నాణెం వేయలేదు. అవి పూజకో, అమ్మకానికో తర్వాత చేసిన బిళ్లలు. నిజంగా దేవుడి బొమ్మ ఉన్న కంపెనీ నాణేలు చూడాలనుకుంటే, మద్రాసు వరహాలు చూడండి. మూడు మూర్తులున్న ఆ బంగారు వరహాల మీద దేవేరులతో వేంకటేశ్వరుడు ఉంటాడు. విజయనగర వరహాల సంప్రదాయమే అలా కొనసాగింది.

అపోహ: నాణేలు రిజర్వ్ బ్యాంకు ముద్రిస్తుంది.

వాస్తవం: ముద్రించేది కేంద్ర ప్రభుత్వ టంకశాలలు, పంపిణీ మాత్రమే రిజర్వ్ బ్యాంకుది. సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటే అది హైదరాబాద్‌ది. వజ్రం ముంబైది, చిన్న చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. పది రూపాయల నాణేలు రకరకాల నమూనాల్లో వచ్చాయి, అన్నీ చెల్లుతాయి.

అపోహ: చింతపండుతో తోమితే పాత నాణెం విలువ పెరుగుతుంది.

వాస్తవం: దయచేసి తోమకండి. రాగి మీద ఏళ్ల తరబడి ఏర్పడిన ముదురు పొర లోహాన్ని కాపాడుతుంది. దాన్ని తీసేస్తే సన్నటి అక్షరాలు అరిగిపోతాయి, కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. అంచులు పట్టుకుని తీయండి, పీవీసీ లేని కవర్లో, తేమ తగలని చోట పెట్టండి.