బెకెట్ దువ్వెన వెనుక రాజుకీ చర్చికీ తగాదా

న్యూయార్క్‌ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అరచేతిలో ఇమిడే దంతపు దువ్వెన ఒకటుంది. 1200 దాటిన కొద్ది ఏళ్లకు, బహుశా ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో చేశారు. రెండు వైపులా పళ్లున్న రకం. ఆ కాలపు దువ్వెనల్లో సాధారణంగా ఒక వరస చిక్కు తీయడానికి, రెండోది మన పేల దువ్వెనలా సన్నగా ఉండేది. మధ్యలో మిగిలిన జాగాలో చెక్కినది మాత్రం పువ్వులూ లతలూ కాదు, ఒక హత్య.

ఇది ఇంటి దువ్వెన కాదు, చర్చిది. అప్పట్లో బిషప్ మాస్ (చర్చిలో జరిగే ప్రధాన ప్రార్థన) చెప్పబోయే ముందు ఆయన తల దువ్వేవారు. చెదిరిన ఆలోచనలను సర్దుకోవడానికి ఇది గుర్తు అని మతపెద్దలు చెప్పేవారు. ప్రార్థన మధ్యలో పాత్రలో వెంట్రుక పడకూడదన్నది ఇంకో కారణం. నాకైతే ఈ రెండోదే అసలు సంగతి అనిపిస్తుంది.

ఇక హత్య. 1162లో రాజు రెండో హెన్రీ తన స్నేహితుడూ ఛాన్సలరూ (రాజు కొలువులో పెద్ద అధికారి) అయిన థామస్ బెకెట్‌ను కాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండ్ చర్చికి పెద్ద, చేశాడు. మనవాడే కదా, మాట వింటాడనుకున్నాడు. వినలేదు. నేరం చేసిన మతాధికారులను శిక్షించేది రాజు కోర్టా, చర్చి కోర్టా అన్న దగ్గర చెడింది. చర్చి కోర్టు మరణశిక్ష వేయదు, రాజుకు అదే మంట. 1164లో క్లారెండన్‌లో రాజు పెట్టిన షరతులకు బెకెట్ ముందు తలూపి, తర్వాత కాదన్నాడు. ఫ్రాన్స్‌కు పారిపోయి ఆరేళ్లున్నాడు. రాజీ కుదిరి తిరిగొచ్చిన నెల తిరక్కుండానే, 1170 డిసెంబర్ 29న రాజు నైట్లు (యోధులు) నలుగురు కాంటర్‌బరీ కెథడ్రల్ అనే పెద్ద చర్చిలోకే కత్తులతో వచ్చి బెకెట్‌ను చంపేశారు.

కత్తి దెబ్బకు ఆయన నడినెత్తి తెగిపోయింది. బిషప్‌గా అభిషేకించేటప్పుడు పవిత్ర తైలం పోసేది ఆ తల మీదే. తెగిన ఆ భాగాన్ని తర్వాత కెథడ్రల్‌లో విడిగా ఉంచి కొలిచారు. తల దువ్వే వస్తువు మీద ఈ దృశ్యాన్నే చెక్కడం కాకతాళీయమని నేననుకోను.

1173లో పోప్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించాడు. మరుసటి ఏడాది హెన్రీ చెప్పుల్లేకుండా సమాధి దగ్గరికి నడిచి, సన్యాసుల చేత దెబ్బలు తిన్నాడు. ఆ ఓటమిని రాజులు మరిచిపోలేదు. 1538లో ఎనిమిదో హెన్రీ సమాధిని పడగొట్టించి, బెకెట్ బొమ్మలు ఎక్కడున్నా తీసేయమన్నాడు. ప్రార్థన పుస్తకాల్లో ఆయన పేరు కూడా గీకేశారు. ఈ దువ్వెన మాత్రం ఎలాగో బతికింది. 1988లో మెట్రోపాలిటన్ చేతికి వచ్చింది.