టికెట్ ముక్క మీద రెండు పూతలు

చిత్తూరులో తిరుపతి బస్సెక్కి డబ్బులిస్తే, కండక్టరు చేతిలోని చిన్న మిషన్ గరగరమంటూ ఒక టికెట్ అందిస్తుంది. ఆ మిషన్‌లో సిరా లేదు, రిబ్బను లేదు. ఉన్నదల్లా వేడెక్కే సన్నని చుక్కల వరుస ఒకటి. అక్షరాలకు కావలసిన రంగు ముందే కాగితం మీద పూతగా ఉంది. రంగు కనపడని రంజకం, దాన్ని నల్లబరిచే ఆమ్లగుణం గల పదార్థం ఆ పూతలో పక్కపక్కనే ఎండిపోయి ఉంటాయి. వేడి తగిలినచోట కరిగి కలుస్తాయి, నలుపు పుడుతుంది. ఆ పొర మందం కొద్ది మైక్రాన్లే. తల వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది.

ఇంత పలుచని పూతను పరుగెత్తే కాగితం మీద వేస్తారు. పెద్ద యంత్రాల్లో మీటర్ల వెడల్పున్న కాగితం నిమిషానికి 1,500 మీటర్ల వేగంతో సాగిపోతుంది. అంటే గంటకు 90 కిలోమీటర్లు, మనమెక్కిన బస్సును దాటిపోయే వేగం. పెనం కదలకుండా పొయ్యి మీద ఉన్నప్పుడే దోసె అంతటా ఒకే మందంగా రావడానికి చెయ్యి తిరగాలి. ఇక్కడ పెనమే పరుగెత్తుతోంది.

అసలు పూత ఎందుకు? ఉత్త కాగితం చెక్కపీచు అల్లిక. ఒక్కొక్క పోగు 20, 30 మైక్రాన్ల వెడల్పుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే గుట్టలూ గుంతలే. సిరా పడగానే పోగుల వెంట పాకిపోతుంది. ఈ చిక్కు శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఎప్పటినుంచో తెలుసు. కలం పట్టకముందే వాళ్లు బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు, గీసిన గీత గీసినచోటే నిలుస్తుంది. కాగితపు మిల్లులో పాలకు బదులు చైనా మట్టి, మెత్తగా నూరిన సున్నపురాయి పొడి, వాటిని పట్టి ఉంచే జిగురు, కొన్నిసార్లు మనం చీరలకు పెట్టే గంజి వంటి పిండిపదార్థం వాడతారు. నిగనిగలాడే దేవుడి క్యాలెండరు నునుపంతా ఈ మట్టిదే.

నూనె గిన్నెలోంచి గరిటెను నెమ్మదిగా లేపితే పలుచని పొర అంటుకుని వస్తుంది. చప్పున లేపితే మందంగా వస్తుంది. 1942లో సోవియట్ శాస్త్రజ్ఞులు లెవ్ లాండావ్, బెంజమిన్ లెవిచ్ దీనికి లెక్క కట్టారు. నెమ్మదిగా లాగే సందర్భాల్లో వేగం ఎనిమిది రెట్లయితే పొర మందం నాలుగు రెట్లవుతుంది. మిల్లుకు ఇది ఇబ్బందికరమైన వార్త. వేగం పెంచితే పూత తనంతట తానే మందమైపోతుంది. కాబట్టి కాగితానికి ద్రవం అంటించడం పెద్ద పని కాదు, ఎంత మిగలాలో నిర్ణయించడమే అసలు విద్య.

చాలాకాలంగా ఆ నిర్ణయం ఒక ఉక్కు బ్లేడుది. కావలసినదానికంటే ఎంతో ఎక్కువ ద్రవాన్ని కాగితానికి పట్టించి, మిగులును బ్లేడుతో గీకేసి, తిరిగి తొట్టిలోకి పంపుతారు. బ్లేడు మందం అర మిల్లీమీటరు లోపే. ద్రవం దాన్ని పైకి నెడుతుంది, అది వంగి కిందికి అదుముతుంది. ఆ రెండింటి తూకం కుదిరినచోట పూత మందం తేలుతుంది. ఆ ఇరుకు సందులో ద్రవానికి ఒకవైపు సెకనుకు 25 మీటర్లు పరుగెత్తే కాగితం, మరోవైపు కదలని ఉక్కు. ఆ లాగుడుకు మంచి పూత పలుచబడి జారిపోతుంది, బయటపడగానే మళ్లీ చిక్కబడుతుంది. పెయింటు కుంచె కింద జారి గోడ మీద నిలిచిపోయేది ఈ గుణంతోనే. పూతలో మట్టి వంతు మరీ ఎక్కువైతే మాత్రం రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ద్రవం బిగుసుకుపోతుంది. బ్లేడు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, దాన్ని తీసేదాకా కాగితం మీద గీత పడుతూనే ఉంటుంది. ఆ వేగంలో ఒక్క నిమిషం ఆలస్యమంటే కిలోమీటరున్నర పొడవు గీత.

‘సమానంగా పూయడం’ అన్న మాటలో రెండు అర్థాలు దాగి ఉన్నాయి. ఈ సంగతిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇదే. తాపీ మేస్త్రి గోడకు సిమెంటు పూసి పొడవాటి చెక్కబద్దతో లాగితే గుంతలు నిండుతాయి, ఎత్తుల మీద పలుచని పొరే మిగులుతుంది. పైతలం సమంగా ఉంటుంది, పూత మందం మాత్రం చోటుకొక తీరు. అదే గోడకు సున్నం వేస్తే, సున్నం గుంతలో దిగి, ఎత్తు ఎక్కి, అంతటా దాదాపు ఒకే మందంతో పరుచుకుంటుంది. బ్లేడుది మేస్త్రి పద్ధతి. క్యాలెండరుకు అది చాలు, ఎందుకంటే అక్కడ కావలసింది నునుపు. టికెట్‌కు చాలదు. పోగుల శిఖరాల మీద పూత పలుచనైతే అక్కడ రంజకం తక్కువ, అక్షరం వెలవెలబోతుంది.

సున్నం పద్ధతిలో వేయాలంటే కాగితాన్ని ఏదీ ముట్టుకోకూడదు. అందుకు దారి ఫోటో ఫిల్ము పరిశ్రమ చూపింది. రంగుల ఫిల్ముకు అనేక పొరలు కావాలి. 1950లలో కోడాక్ ఇంజనీర్లు ఒక ద్రవం మీద మరొకటి కలవకుండా జార్చి, అన్ని పొరలనూ ఒకేసారి వేయడం సాధించారు. తర్వాత, 1970 నాటికి, ఆ పొరలను తెరలాగా గాలిలో వదిలే పద్ధతికి పేటెంటు వచ్చింది. సన్నని పొడవాటి సందులోంచి ద్రవం పల్చని తెరగా జారుతుంది, కింద కాగితం దాన్ని అందుకుని పోతుంది. ఎంత పంపుతో తోస్తే అంతే పడుతుంది, గీకడానికి మిగులే ఉండదు.

ఆ తెరను నిలబెట్టడం ఎంత నేర్పు పనో! తలతన్యత దాన్ని రెండు అంచుల నుంచీ లోపలికి లాగేస్తుంది, అందుకే అటూ ఇటూ తడి కడ్డీలు పెట్టి అంచులను పట్టి ఉంచుతారు. ద్రవంలోని ఒక్క గాలిబుడగ పగిలినా తెరలో చిల్లు పడుతుంది. చిల్లు అంచు సెకనుకు మీటరుకు అటూ ఇటూగా విస్తరిస్తుంది. తెర అంతకంటే వేగంగా కిందికి దిగుతుంటే చిల్లు కొట్టుకుపోయి కాగితం మీద ఒక మచ్చగా మిగులుతుంది. నెమ్మదిగా దిగుతుంటే తెర మొత్తం చిరిగిపోతుంది. కాబట్టి ద్రవాన్ని ముందే శూన్యంలో ఉంచి బుడగలు లాగేస్తారు. పరుగెత్తే కాగితం తన వెంట గాలిపొరను కూడా ఈడ్చుకొస్తుంది. అది తెర పాదం కింద దూరకుండా ముందే పీల్చేయాలి.

తెర కాగితాన్ని తాకే క్షణం మరీ చిత్రం. 20 సెంటీమీటర్లు పడిన ద్రవం వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు. కాగితం వేగం 20 మీటర్లు అనుకుంటే, తాకిన చోటనే పొర పదింతలు సాగాలి. 100 మైక్రాన్ల తెర రెప్పపాటులో 10 మైక్రాన్లవుతుంది, అయినా తెగదు.

ఆ తర్వాత వేడిగాలి, పరారుణ దీపాలు నీటిని ఆవిరి చేసేస్తాయి. తొందరపడి ఆరబెడితే జిగురు చోటుకొక తీరుగా పైకి తేలి, అచ్చులో మచ్చలుగా బయటపడుతుంది. మందాన్ని బీటా కిరణాలతో కొలుస్తారు. క్రిప్టాన్-85 వంటి రేడియోధార్మిక వనరు కాగితానికి ఒకవైపు, గ్రాహకం మరోవైపు పెడతారు. పూత ఎంత బరువైతే దాటి వచ్చే కిరణాలు అంత తక్కువ.

బ్లేడు గొప్పదా, తెర గొప్పదా అన్న తగవు టికెట్ కాగితం దగ్గర తీరిపోయింది. చాలా చోట్ల ముందు బ్లేడుతో ఒక అడుగుపూత వేస్తారు. అది గుంతలు పూడుస్తుంది, వేడి కాగితంలోకి ఇంకిపోకుండా ఆపుతుంది. ఆ చదును మీద తెరతో రంజకపు పూత పడుతుంది. మేస్త్రి పని, సున్నం పని, రెండూ ఆ టికెట్ ముక్కలోనే ఉన్నాయి.

ఈసారి తిరుపతిలో బస్సు దిగాక టికెట్ పారేయకండి. ముందువైపు గోటితో గట్టిగా, వేగంగా గీయండి. ఆ రాపిడికే నల్లటి గీత పుడుతుంది. తిప్పి వెనకవైపు అలాగే గీయండి, ఏమీ రాదు. అది ఉత్త కాగితం.