స్కాట్లాండ్ యాసపై అపోహలు – వాస్తవాలు: అసలు చిక్కు వేగంలో లేదు

గ్లాస్గోకు కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకు ఇంగ్లీషు వినడం, మాట్లాడడం నేర్పడం నా వృత్తి. విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యార్థులు చేరే సెప్టెంబరు, జనవరి నెలల్లో మన తెలుగు పిల్లలు, వారితో పాటు ఆసుపత్రుల్లోనూ వృద్ధుల సంరక్షణ గృహాల్లోనూ ఉద్యోగాలకు వచ్చిన నర్సులు మా తరగతులకు వస్తారు. వచ్చిన వారిలో చాలామంది ఒకే మాట అంటారు: "వీళ్లు మరీ వేగంగా మాట్లాడుతున్నారు, అందుకే అర్థం కావడం లేదు." ఈ మాట విని విని విసుగొచ్చింది కాబట్టి, దానితోనే మొదలుపెడతాను. స్కాట్లాండ్ యాస గురించి మనవాళ్లలో చలామణీ అవుతున్న అపోహలన్నిటిలోనూ మనిషికి ఎక్కువ నష్టం చేసేది ఇదే.

అపోహ: స్కాట్లాండ్‌లో మాట్లాడేదీ మనం చదువుకున్న ఇంగ్లీషే, కాకపోతే యాసతో, వేగంగా మాట్లాడతారు. కొంచెం నెమ్మదిగా చెప్పమని అడిగితే సరిపోతుంది.

వాస్తవం: చెవికి అలవాటు లేని మాట ఏదైనా వేగంగానే వినిపిస్తుంది. పదానికీ పదానికీ మధ్య సరిహద్దు ఎక్కడుందో చెవి పట్టుకోలేకపోవడమే దానికి కారణం. ఇక నెమ్మదిగా చెప్పమన్నప్పుడు ఎదుటి మనిషి చేసేదేమిటంటే, అవే పదాలను సాగదీసి, కాస్త గొంతు పెంచి మళ్లీ చెప్పడం. చిక్కు ఉన్నది ఆ పదాల్లోనే అయితే ఎంత సాగదీసినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను విడదీసి చూడాలి. మొదటిది, మనకు అస్సలు తెలియని పదాలు. వీటితో పెద్ద ప్రమాదం లేదు. రోగి తనకు 'జాగ్' వద్దని అంటే, ఆ మాట మనకు తెలియదని మనకే తెలుస్తుంది కాబట్టి అడుగుతాం, అది ఇంజెక్షన్ అని చెబుతారు. 'వీన్' అంటే చిన్నపిల్లవాడు, 'ఆక్స్టర్' అంటే చంక, 'పీలీ వాలీ' అంటే ముఖం పాలిపోయి ఉండడం, 'వాబిట్' అంటే ఒంట్లో సత్తువ లేకపోవడం. ఇవన్నీ నెల తిరిగేసరికి వాటంతట అవే వచ్చేస్తాయి.

రెండోది, మనకు బాగా తెలుసనుకునే పదాలు. మనిషిని ముంచేవి ఇవే. స్కాట్లాండ్‌లో 'హౌ' అంటే చాలా సందర్భాల్లో 'ఎందుకు' అని అర్థం. దుకాణంలో పార్ట్‌టైమ్ పనిచేసే కుర్రవాణ్ణి మేనేజరు "హౌ వర్ యూ నో ఇన్ యెస్టర్‌డే?" అని అడిగితే, నిన్న పనిలోకి ఎందుకు రాలేదని అడుగుతున్నాడన్న మాట. మా విద్యార్థి ఒకడు దానికి "బై బస్" అని జవాబిచ్చాడు. మేనేజరు దాన్ని పొగరనుకున్నాడు. 'స్టే' అంటే ఇక్కడ తాత్కాలికంగా దిగడం కాదు, స్థిరంగా నివసించడం. 'మెసేజెస్' తీసుకురావడానికి వెళ్లానంటే సరుకులు కొనడానికి వెళ్లానని. 'మైండ్' అంటే గుర్తుంచుకోవడం, 'గ్రీటిన్' అంటే ఏడవడం. 'బ్యాక్ ఆఫ్ సిక్స్' అంటే ఆరు దాటిన కొద్దిసేపటికని. ఆరుకు ముందనుకుని వెళ్లి, ఇల్లు చూపించే మనిషి కోసం చలిలో నిలబడ్డవాళ్లు నా తరగతిలో ప్రతి విడతా ఉంటారు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది 'డౌట్'. మనం చదువుకున్న ఇంగ్లీషులో 'ఐ డౌట్' అంటే అలా జరగదేమో అని అర్థం. స్కాట్లాండ్‌లో పెద్దవాళ్ల నోట అదే మాటకు, అలా జరుగుతుందనే నా భయం, బహుశా అంతే, అని అర్థం. గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సుకు ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఐ డౌట్ ఐల్ నీడ్ ద డాక్టర్" అన్నాడట. డాక్టరు అవసరం లేదంటున్నాడని ఆమె రాసుకుంది. ఆయన అన్నది దానికి సరిగ్గా విరుద్ధంగా, డాక్టరును పిలవక తప్పేలా లేదని. పక్కనున్న సహోద్యోగికి ఆ మాట చెవిన పడబట్టి వెంటనే సరిదిద్దారు, ఆయనకు ఏ హానీ జరగలేదు. కానీ ఆ అమ్మాయి వారం రోజులు నిద్రపోలేదు. "నా ఇంగ్లీషే బాగాలేదేమో మేడమ్, తిరిగి వెళ్లిపోదామనిపిస్తోంది" అంటూ నా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. వృత్తి ప్రవేశానికి రాయాల్సిన ఇంగ్లీషు పరీక్షను మంచి గ్రేడుతో గట్టెక్కిన మనిషి ఆమె. ఆమె ఇంగ్లీషులో ఏ లోపమూ లేదు. ఈ వాడుక ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే లోపం. ఆ పెద్దాయన ఆ వాక్యాన్ని పదిసార్లు, అక్షరమక్షరం విడదీసి నెమ్మదిగా చెప్పినా, ఆమె పదిసార్లూ తప్పుగానే రాసుకునేది.

మరి ఎదుటివాళ్లు మన కోసం ఆ మాట మార్చి చెప్పరెందుకు అని అడుగుతారు. స్కాట్లాండ్‌లో ఇంగ్లీషుతో పాటు నడిచే స్కాట్స్ అనే భాష పాతకాలపు రూపానికి నిఘంటువు కూర్చిన సంపాదకుల్లో ఒకడైన ఎ. జె. ఐట్కెన్ అనే ఎడిన్‌బరా భాషావేత్త దీన్ని చక్కగా విడమరిచాడు. స్కాట్లాండ్‌వాసులు తెలిసి, కావాలని వాడే స్కాట్స్ మాటలు కొన్ని. తాము వాడుతున్నది స్కాట్స్ అన్న స్పృహే లేకుండా వాడేవి ఇంకొన్ని. మొదటి రకం మాటలను పరాయివాడు కనిపించగానే పక్కన పెట్టేస్తారు. రెండో రకం మాటలు దేశమంతటా నడిచే మామూలు ఇంగ్లీషేనని వాళ్ల నమ్మకం, కాబట్టి మార్చాలన్న ఆలోచనే రాదు. విశ్వవిద్యాలయం పంపే ఉత్తరంలో 'అవుట్‌విత్' అని ఉంటుంది. బయట, పరిధికి ఆవల అని దాని అర్థం. పాత సోఫాను పట్టుకెళ్లడానికి మునిసిపాలిటీ వాళ్లు పెట్టే నోటీసులో 'అప్‌లిఫ్ట్' అని ఉంటుంది. రాసిన గుమాస్తాకు ఆ మాట ఇంగ్లండ్‌లో అంతగా వాడరని చెబితే ఆశ్చర్యపోతాడు. మర్యాదగా, స్పష్టంగా, చదువుకున్నవాళ్ల ఇంగ్లీషులో మాట్లాడే మనిషి దగ్గరే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నేను చెప్పడానికి కారణం ఇది.

కాబట్టి నా తరగతిలో 'ప్లీజ్ స్పీక్ స్లోలీ' అనే వాక్యాన్ని దాదాపు నిషేధించాను. దాని బదులు, మీకు అర్థమైనదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, ఔనా కాదా అని అడగండి. "అయితే డాక్టరుగారిని పిలవమంటారా?" అని ఆ నర్సు ఒక్క మాట అడిగి ఉంటే చిక్కు అక్కడికక్కడే విడిపోయేది. సమయాలు చెప్పినప్పుడు అంకెల్లో తిరిగి చెప్పండి. 'కాదు', 'లేదు' అనే భావం వాక్యంలో ఎక్కడ దాగిందో చూడండి. 'కాన్ట్' బదులు 'క్యానే', 'డోన్ట్' బదులు 'డిన్నే', 'నాట్' బదులు 'నో' వినిపిస్తాయి, వాటిని పట్టుకోకపోతే అర్థం తలకిందులవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అర్థం కాకుండా నవ్వుతూ తలూపకండి. మన తల ఊపు ఔననో కాదనో వాళ్లకు ఎటూ తెలియదు.

అపోహ: స్కాట్స్ అనేది చదువు లేనివాళ్లు మాట్లాడే చెడిపోయిన ఇంగ్లీషు.

వాస్తవం: ఈ మాటను మనవాళ్లే కాదు, చాలామంది స్కాట్లాండ్‌వాసులు కూడా సిగ్గుపడుతూ ఒప్పుకుంటారు, అదే బాధ. పాత ఇంగ్లీషుకు చెందిన ఉత్తరాది నార్తంబ్రియా శాఖ నుంచి పుట్టి, తనదైన దారిలో పెరిగిన భాష స్కాట్స్. 15వ శతాబ్దంలో రాజాస్థానంలోనూ పార్లమెంటు శాసనాల్లోనూ నడిచింది. 1603లో రాజు లండన్‌కు తరలిపోవడం, 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ పార్లమెంటులు ఒకటి కావడం దాని హోదాను దెబ్బతీశాయి. డేవిడ్ హ్యూమ్ అంతటి తత్త్వవేత్త కూడా 1752లో, రాతలో తప్పించుకోవాల్సిన స్కాట్స్ ప్రయోగాల జాబితా ఒకటి అచ్చువేయించాడు. 1761లో థామస్ షెరిడన్ అనే ఐర్లండ్ మనిషి ఎడిన్‌బరా పెద్దమనుషులకు ఇంగ్లీషు ఎలా ఉచ్చరించాలో ఉపన్యాసాలిచ్చి వెళ్లాడు. బడిలో స్కాట్స్ మాట్లాడినందుకు తోలు పటకాతో దెబ్బలు తిన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా వీధిలోని ఒక పెద్దావిడ ఆ సంగతి చెబుతూ తన అరచేయి చూసుకోవడం నేను చూశాను. తెలంగాణ మాటనూ ఉత్తరాంధ్ర మాటనూ సినిమాల్లో హాస్యానికి వాడుకున్న చరిత్ర మనకుంది కాబట్టి, ఈ సంగతి మనకు వివరించి చెప్పనక్కరలేదు. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తాము స్కాట్స్ మాట్లాడగలమన్నారు. 2025లో స్కాటిష్ పార్లమెంటు చేసిన చట్టం గేలిక్‌తో పాటు స్కాట్స్‌కూ అధికార హోదా ఇచ్చింది.

ఈ సందర్భంలోనే ఇంకో తప్పు సరిదిద్దాలి: స్కాట్స్, గేలిక్ ఒకటి కావు. గేలిక్ ఐర్లండ్ భాషకు తోబుట్టువు, పశ్చిమ ద్వీపాల్లో బలంగా ఉంది, అది రాకుండానే స్కాట్లాండ్‌లో జీవితమంతా గడిపేయవచ్చు.

అపోహ: ఉద్యోగం నిలబడాలంటే స్కాటిష్ యాస నేర్చుకోవాలి.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గాని, దాని మీద బతికే కోచింగులు బయలుదేరాయి. హైదరాబాదులో ఉండగానే వేల రూపాయలు కట్టి 'ర'కారాన్ని గిర్రున తిప్పడం నేర్చుకుని వచ్చిన అబ్బాయిని చూశాను; అతని మాట ఇక్కడివాళ్లకు వేళాకోళంగా అనిపించింది. సినిమాల్లో వినిపించే ఆ తిప్పుడు 'ర'కారం నిజ జీవితంలో అరుదు. గ్లాస్గో శ్రామిక కుటుంబాల యువతలో పదం చివరి 'ర'కారం బలహీనపడుతోందని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జేన్ స్టూవర్ట్-స్మిత్ చేసిన పరిశోధనలు చూపాయి. అసలు మన ఇంగ్లీషుకు ఇక్కడ సహజంగానే కొంత అనుకూలత ఉంది. 'కార్', 'పార్క్' వంటి మాటల్లో మనం 'ర'ను పలుకుతాం, స్కాట్లాండ్‌లో చాలామందీ పలుకుతారు, లండన్‌లో పలకరు. 'గో', 'డే' అన్నప్పుడు మన ఓకారం, ఏకారం ఎలా నిలకడగా ఉంటాయో ఇక్కడివాళ్లవీ అలాగే ఉంటాయి. బీబీసీ ఉచ్చారణ రాలేదని దిగులుపడేవారు ఇంటికి దూరంగా ఉన్న దిగులునే అలా మాటల్లో పెడుతున్నారని నాకు తరచూ అనిపిస్తుంది. నేర్చుకోవాల్సింది వినడమే గాని పలకడం కాదు. 'హౌస్' అన్నది 'హూస్', 'డౌన్' అన్నది 'డూన్', 'థింక్' అన్నది 'హింక్', 'ఆల్' అన్నది 'ఆ' అవుతాయని నాలుగైదు సూత్రాలు పట్టుకుంటే చెవి చాలావరకు తెరుచుకుంటుంది.

మిగిలిన అపోహలను త్వరగా ముగిస్తాను. స్కాట్లాండ్‌కంతటికీ ఒకే యాస ఉందనుకోవద్దు. అబెర్డీన్ పరిసరాల మాండలికమైన డోరిక్‌లో 'వాట్' అన్నది 'ఫిట్', 'వేర్' అన్నది 'ఫార్' అవుతాయి; "ఫార్ ఆర్ యూ ఫ్రమ్?" అంటే మీది ఏ ఊరని, ఎంత దూరమని కాదు. డండీలో 'ఐ' అనే ధ్వని 'ఎ'లా వినిపిస్తుంది, 'పై' అన్న తినుబండారం 'పెహ్' అవుతుంది. ఆర్క్‌నీ, షెట్లాండ్ ద్వీపాలు వరుసగా 1468, 1469ల్లో డెన్మార్క్, నార్వేల రాజు కూతురి కట్నం కింద తాకట్టుగా స్కాట్లాండ్‌కు వచ్చాయి, అందుకే అక్కడి మాటల్లో నార్వే వాసన ఉంటుంది. ఇన్వర్నెస్‌లో ప్రపంచంలోకెల్లా స్వచ్ఛమైన ఇంగ్లీషు మాట్లాడతారన్నది శుద్ధ పుక్కిటి పురాణం. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్ సైనికులు అక్కడ స్థిరపడడమే దానికి మూలమని ఇంగ్లీషు రచయితలు డిఫో, 1773 యాత్ర గురించి రాస్తూ జాన్సన్ రాసి పెట్టడంతో అది పాతుకుపోయింది. గేలిక్ మాట్లాడే ప్రాంతం కావడంతో అక్కడివాళ్లు స్కాట్స్ మీదుగా కాకుండా నేరుగా బడి ఇంగ్లీషు నేర్చుకున్నారన్న వివరణే ఎక్కువ సమంజసం.

కొత్తగా వినిపించిన మాటలకు 'డిక్షనరీస్ ఆఫ్ ద స్కాట్స్ లాంగ్వేజ్' అన్న నిఘంటువు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. విన్న మాటను విన్నట్టే టైపు చేస్తే తరచూ దొరకదు, స్కాట్స్‌కు ఒకే స్థిరమైన వర్ణక్రమం లేదు కాబట్టి. అందువల్ల ఆ మాట అన్న మనిషినే కాగితం మీద రాసివ్వమని అడగండి; తమ మాటను ఒకరు నేర్చుకోవాలనుకుంటున్నారని తెలిస్తే ఇక్కడివాళ్లు మహా సంబరపడతారు, రాసిచ్చి ఊరుకోకుండా మరో పది మాటలు చెప్పి గాని వదలరు.