అడక్కుండానే తురుముపీట ఎలా వచ్చింది

చిన్నీకి, బాబీకి,

ఇంగ్లండులో మీ ఊరు బ్రిస్టల్‌లో, ఒకప్పుడు అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ గారి మ్యూజియం చూసొచ్చి చిన్నీ ఫోన్లో అడిగింది కదా, "ఆయన ఎవర్నీ డబ్బులడగలేదట, మరి అంతమంది అనాథ పిల్లలకి అన్నం ఎవరు పెట్టారు తాతయ్యా?" అని. దేవుడే పెట్టాడమ్మా అనేసి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఎవరి చేత పెట్టించాడో అది కూడా చూడాలిగా.

మా చిన్నప్పుడు పాలకొల్లులో మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఓ పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా వేసేది, అది చూస్తే మా నాయనమ్మకి ఒళ్ళు మండేది. ఆదివారం ఆడవాళ్ళందరూ ఆ పిడికెడు బియ్యం చర్చికి తెచ్చి ఒకే గోనెలో పోసేవాళ్ళు. సన్నాలు, ముతకవి, నూకలు, ఎవరింట్లో ఏముంటే అవి. పండక్కి వాటితోనే వండితే సగం మెత్తగా, సగం పలుకుగా ఉండేది అన్నం, అయినా పప్పుచారు పోసుకుని ఎగబడి తినేవాళ్ళం. ఏ గింజ ఎవరిదో ఎవరికి తెలుసు? ముల్లర్ గారిదీ అలాంటి గోనే, కాకపోతే చాలా పెద్దది. అందులో బియ్యానికి బదులు పౌండ్లు పడ్డాయి, ఉంగరాలు పడ్డాయి, పాత బట్టలు పడ్డాయి. మొదట్లో ఒకాయన పంపిన సామాను ఆయన ఎలా రాసుకున్నాడో చూడండి: వడ్డించే పళ్ళేలు 3, ప్లేట్లు 28, బేసిన్లు 3, కూజా 1, మగ్గులు 4, ఉప్పు గిన్నెలు 3, తురుముపీట 1, కత్తులు 4, ఫోర్కులు 5. ప్లేట్లు 28, ఫోర్కులు అయిదే!

ఇంకో తమాషా. ఇల్లు కావాలని, సామాను కావాలని, పనివాళ్ళు కావాలని అన్నిటికీ ప్రార్థన చేశాడట. తీరా 1836 ఫిబ్రవరిలో పిల్లల్ని చేర్చుకునే రోజున రెండు గంటలు కూర్చున్నా ఒక్కరూ రాలేదు. పిల్లల్ని పంపమని అడగడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది! ఆ ఏప్రిల్లో విల్సన్ వీధిలోని అద్దె ఇంట్లో ఆడపిల్లలతో మొదలైంది. 1870 నాటికి బ్రిస్టల్‌లోనే ఆష్లీ డౌన్ అనే చోట అయిదు పెద్ద భవనాలు, ఒకేసారి 2,050 మందికి చోటు. ఆయన బతికుండగా చేరిన పిల్లలు పదివేలు దాటారు.

అడగలేదన్నది నిజమే గానీ, ఏటా పైసాతో సహా లెక్క రిపోర్టుగా అచ్చువేసి పంచేవాడు. ఇచ్చినవాళ్ళ పేర్లుండవు, రసీదు నంబరు చూసుకుని తమ సొమ్ము చేరిందో లేదో ఎవరికి వాళ్ళే తేల్చుకోవచ్చు. అదీ అడగడమే కదా అని దెప్పేవాళ్ళుంటారు. 1841 చివర్లో చేతిలో డబ్బుల్లేక కటకటలాడుతుంటే, ఇప్పుడు రిపోర్టు వేస్తే అడుక్కున్నట్టుంటుందని దాన్నే వాయిదా వేసిన మనిషాయన. నాకది చాలు. చిన్నప్పుడేమో ఈ లెక్కల మనిషే వాళ్ళ నాన్న దగ్గరుండే సర్కారు సొమ్ము దొంగిలించేవాడు, పదహారేళ్ళకే బస చేసిన చోట బిల్లు ఎగ్గొట్టి జైలుకెళ్ళాడు. బాబీ, పాకెట్ మనీ లెక్క రాయమంటే మొహం మాడ్చుకుంటావట, అమ్మ చెప్పింది. రాయరా నాన్నా, చెయ్యేం అరిగిపోదు.

మీ బ్రిస్టల్‌కీ మా గోదావరికీ చుట్టరికం ఉంది. ముల్లర్ గారి భార్య మేరీకి సొంత అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అని ఒక పళ్ళ డాక్టరు. ఆయన వెంట ఇంగ్లండు నుంచి 1836లో ఓడెక్కి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులే తర్వాత నర్సాపురం వైపు వచ్చి స్థిరపడ్డారు. అదే ఏడు, విల్సన్ వీధి ఇల్లు తెరిచిన ఏడు. వేసవి సెలవులకి వస్తే నర్సాపురం తీసుకెళ్తాను.

ఈలోగా మీరో పని చెయ్యాలి. ఆ మ్యూజియంకి మళ్ళీ వెళ్ళండి, పాత రిపోర్టు ఒకటి చూపించమని మర్యాదగా అడగండి, ఎవరేమిచ్చారో ఉన్న పేజీ ఒక్కటైనా పూర్తిగా చదవండి. అందులో అన్నిటికంటే వింత వస్తువేదో నాకు రాసి పంపండి. తురుముపీట మాత్రం లెక్కలోకి రాదు, అది నేను ముందే చెప్పేశాను.

మీ తాతయ్య